‘అర్థం కాని’ గొంతు

ఛత్రినాక వెళ్లే బస్సులో నా ఇయర్‌ఫోన్స్ వైరు ఊడి, ఫోన్లోని గొంతు పైకే వినిపించింది. ఎవరో ఒకావిడ దక్కనీ ఉర్దూలో కూరగాయలు బేరమాడుతోంది. పక్క సీట్లోని బురఖా పెద్దావిడ చురుగ్గా నావైపు తిరిగింది.

“ఏందమ్మా అది? ఎవల మాటలు రికార్డు చేసినవ్?”

మా ల్యాబ్‌లో మనుషులను స్కానర్‌లో పడుకోబెట్టి మాటలు వినిపిస్తామనీ, అప్పుడు మెదడులో ఏ చోటు పనిచేస్తుందో బొమ్మ తీస్తామనీ చెప్పాను. స్కానర్ రొద ఎక్కువ కాబట్టి, దాన్ని ఆపి మాట వినిపిస్తాం. మాట విన్నాక మెదడులో ఆ చోటికి రక్తం కాస్త ఆలస్యంగా చేరుతుంది గనక, కొన్ని క్షణాలు ఆగి బొమ్మ తీస్తాం.

“మరి మా మాటలెందుకు?”

“ముందు తెలుగు వినిపిస్తాం. దాంతో పోల్చి చూడ్డానికి అర్థం కాని మాటలు కావాలి.”

“ఎవలకు అర్థం గావు?”

“మాకండీ. మాది కాకినాడ.”

“ఈడ ఎన్నేండ్ల సంది ఉంటున్నవ్?”

నాకు ఒళ్లు మండింది. “అది మీకెందుకండీ? ఇది సైన్సు.”

“గింతసేపు నీతోని నీ తెలుగులనే మాట్లాడిన,” అందామె.

తన స్టాపు రాగానే లేచింది. నా ముఖంలోకి చూస్తూ, దక్కనీలో తాపీగా ఒకే ఒక్క వాక్యం అని దిగిపోయింది. వెనక సీట్లో ఇద్దరు ఫక్కున నవ్వారు. అర్థమేమిటని నేను అడగలేదు.

ఒక్క ముక్క అర్థం కాలేదు కదా అని నిబ్బరంగా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బస్సు కదిలిన కొన్ని క్షణాలకు నా చెవులు వేడెక్కాయి.