తెగులును పెంచిన సార్

మా సార్ పోయారని మొన్న ఉదయం రేపల్లె నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "నిద్రలోనే వెళ్లిపోయారక్కా" అంది. కన్నీళ్ల కంటే ముందు నా నోట్లోంచి "హమ్మయ్య" అని వచ్చింది. ఏం మనిషినండీ నేను! కానీ పదేళ్లు దాచిన ఒక తప్పు ఆయనకు చెప్పకుండానే సాగనంపుతానేమోనని ఇన్నాళ్లూ హడలిపోతూ ఉన్నాను. అదృష్టం, పోయిన వారమే చెప్పేశాను.

సార్ గోధుమలో కుంకుమ తెగులు మీద చదువుకుని వచ్చి, గోధుమ పండని బాపట్లలో ఉద్యోగం చేశారు. "పంట మారితే ఏంటి? వేరుశనగకీ కుంకుమ తెగులుందిగా" అంటూ సర్వీసంతా దానితోనే కుస్తీ పట్టారు. ఆ తెగులును తట్టుకునే గుణం ఏ మొక్క పుట్టుకలో ఉందో పట్టుకుని, దాన్ని మంచి దిగుబడినిచ్చే రకాల్లోకి తేవడం ఆయన పని. ఒక్క జన్యువును నమ్ముకోవద్దనేవారు. "తలుపుకి ఒకటే గడియ పెడితే తెగులు దాన్ని తీయడం నేర్చుకుంటుందమ్మాయ్. రెండు మూడు పెట్టాలి."

రోజూ నడుం వంచి ఆకు తిప్పి, అడుగున వేలితో రాసి చూసేవారు. ఇటుక రంగు పొడి అంటితే ముఖం వెలిగిపోయేది. ఆ వేలితోనే కళ్లజోడు సవరించుకునేవారు. ముక్కు మీద ఆ మరకతోనే చర్చికి వస్తారని మేడమ్ గారు తల కొట్టుకునేవారు.

నేను సంగం జాగర్లమూడి రైతు కూతుర్ని, ఆయన దగ్గర పరిశోధన చేశాను. రిటైరయ్యే ముందు తన చివరి పంటలో, పరీక్ష మొక్కల మధ్య తెగులు ఇట్టే సోకే రకాన్ని సాళ్లుగా వేయించారాయన. వాటికి తెగులొచ్చి చుట్టూ పాకితేనే, తట్టుకునే మొక్క ఏదో బయటపడుతుంది. అదంతా నాకు తెలుసు. రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. సార్ ఊళ్లో లేని రోజు ఆ సాళ్లు ఎర్రబడి మాడిపోతుంటే మాత్రం ఆగలేకపోయాను. పంపు భుజానికేసుకుని పొలమంతా మందు కొట్టేశాను. కొట్టాక గాని బుద్ధి రాలేదు.

పొలం పచ్చగా కళకళలాడింది. పరీక్ష సర్వనాశనం! "ఎండలకి తెగులు నిలవలేదేమో" అన్నారు సార్ అందరితో. నేనూ అవునన్నట్టు తలూపాను. ఆయన చివరి పంటను పాడుచేశానన్న దిగులు అన్నం దగ్గర కూడా వదిలేది కాదు. ఆ పొలం ఊసెత్తితే మాట మార్చేదాన్ని.

పోయిన వారం తెనాలి ఆస్పత్రిలో ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

"సార్, ఆ ఏడు తెగులు పోయింది ఎండలకి కాదండి. నేను మందు కొట్టానండి."

"తెలుసమ్మాయ్. పొలంలో అడుగు పెట్టగానే వాసన కొట్టింది."

"మరి ఒక్క మాట అనలేదేంటండి?"

"నీ ముఖం చూశాక ఇంకేం అంటాను? విత్తనం కొంచెం దాచి ఉంచాగా. నా సీట్లోకి వచ్చినాయన మరుసటేడు మళ్లీ వేశాడు. నాలుగు వరసలు తెగులుకు తట్టుకుని నిలబడ్డాయి." కాస్త ఊపిరి తీసుకుని నవ్వారు. "నువ్వే చెబుతావని చూశాను. ఇన్నేళ్లా!"

అక్కడే వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తుంటే ఆకలేసింది కూడా.

రేపల్లె సమాధుల తోటలో తలా గుప్పెడు మన్ను వేశాం. నా వంతు వచ్చినప్పుడు తడి మన్ను అరచేతికి అంటుకుపోయింది. బస్సు తెనాలి చేరేదాకా దాన్ని దులుపుకోబుద్ధి కాలేదు.