బొంబార్డ్ ఊదే ఆవిడకి బొబ్బట్లు

ఫ్రాన్స్‌లో బ్రెటన్ భాష మాట్లాడే ఒక బుల్లి పల్లెకీ, ఎష్‌బోర్న్ పట్నం అవతల మేముండే ఈ జర్మన్ పల్లెకీ ఎప్పటినుంచో చుట్టరికం. ఏటా వేసవిలో వాళ్ళు బస్సేసుకుని వస్తారు. ఊళ్ళోవాళ్ళు ఇంటికొకరిని పంచుకుంటారు. తెలుగుదేశం నుంచి వచ్చిపడ్డ మమ్మల్ని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ‘ఇవాళ ఎండ బాగుంది’ అన్న ముక్క దాటి మాతో మాట్లాడిన పాపాన పోలేదు. ఈ ఊరి మనిషి అనిపించుకోవాలని మా ఆవిడ పంతం. అందుకని ఈసారి తనే వెళ్ళి ఒక అతిథిని అడిగి తెచ్చుకుంది.

వచ్చినావిడ ముసలావిడ, బక్కపలచని మనిషి. చేతిలో బొంబార్డ్, మన సన్నాయికి చుట్టం. సాయంత్రం రెండూళ్ళవాళ్ళూ కలిసే సభ ఆవిడ ఊదితేనే మొదలవుతుంది. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకి రాదు. అయినా భోజనానికి భాషెందుకు?

అక్కడే కొంప మునిగింది. వాళ్ళ పల్లెలో కంచంలో ఏమైనా వదిలితే ఇంటివాళ్ళని అవమానించినట్టట. మాకేమో కంచం ఖాళీగా కనిపిస్తే ప్రాణం ఒప్పదు. ఆవిడ ఊడ్చేస్తోంది, మా ఆవిడ నింపేస్తోంది. పెసరట్లు అయ్యాయి, గుత్తివంకాయ అయింది, బొబ్బట్లు మొదలయ్యాయి.

“పాపం, ఎంత ఆకలిమీదుందో చూడండి! ఇంకొక్కటి వేస్తానుండండి,” అంది మా ఆవిడ. ముసలావిడ కళ్ళు తేలేస్తూ అదీ తినేసింది.

సాయంత్రం ఊరంతా చేరింది. ఆవిడ బుగ్గలు పూరించింది. బొంబార్డ్ మోగలేదు. మైకులో బ్రేవుమని ఒక త్రేన్పు మోగింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆవిడ తడుముకోకుండా ఏదో చెప్పింది, వాళ్ళ ఊరి మేయర్ జర్మన్‌లోకి మార్చి చెప్పాడు: “ఇన్నేళ్ళుగా ఈ ఊరొస్తున్నాను. కడుపు నిండడం ఇదే మొదటిసారి.”

బ్రెటన్లు బల్లలు చరిచారు. మా ఊరివాళ్ళు నేలచూపులు చూశారు.

అయిపోయింది, ఇక ఇల్లు ఖాళీ చెయ్యడమే అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ ముసలావిడకి ఆతిథ్యమిచ్చిన పక్కింటావిడ విసవిసా మామీదకొచ్చింది.

“రొట్టె పెట్టాను, జున్ను పెట్టాను, ఏం తక్కువ చేశాను? నిన్నగాక మొన్నొచ్చి ఊరిముందు నా పరువు తీస్తావా? రేపు పొద్దున్నే మా ఇంటికొచ్చి వీధంతా ఘుమాయించిన ఆ తీపి రొట్టెలు నేర్పకపోతే చూడు నీ సంగతి!”

నేను సారీ చెప్పబోతుంటే మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా నవ్వు.

“ఏవండీ, విన్నారా? సొంత తోడికోడల్ని తిట్టినట్టు తిట్టిందండీ!”