పెద్దవీధి మీదుగా సైకిలు

మా ప్రకాశరావు బాబాయికి స్కూటరుంది. కరెంటాఫీసులో ముప్పయ్యేళ్లు చేసి రిటైరైన మనిషి, కావాలంటే కారైనా కొనుక్కోగలడు. అలాంటివాడు నిరుడు వానాకాలంలో కొబ్బరి డొక్కల పాకలోంచి మా తాత సైకిలు బయటికి లాగి, బాగుచేయించి రోజూ తొక్కుతానంటే అమ్మాజీ పిన్ని నవ్వింది. తుప్పు దులిపితే సైకిలు మిగులుతుందో లేదో చూసుకోమంది. నేను నవ్వలేదు. ఆ సైకిలు సంగతి నాకు తెలుసు.

తాత మిషన్ బడిలో పంతులు. ఊళ్లో సగంమందికి అక్షరాలు దిద్దించింది ఆయనే. మా పేట నుంచి బడికి పెద్దవీధి మీదుగానే దారి. ఆ వీధిలో మునసబు గారి అరుగు రాగానే తాత సైకిలు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, వీధి చివరిదాకా నడిపించుకుపోయి అక్కడ మళ్లీ ఎక్కేవాడు. వెనక కూర్చున్న బాబాయి కూడా దిగేవాడు, ఐదో ఏట నుంచి పదో తరగతి దాకా. మునసబు చచ్చిపోయాక కూడా తాత దిగడం మానలేదు. దానికి మర్యాద అని పేరు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

బాబాయి కోరిక ఒక్కటే. అదే సైకిలెక్కి ఆ అరుగు ముందునుంచి దిగకుండా పోవాలి. పంతానికి ఒక్కసారి కాదు, పాల ప్యాకెట్టుకి పోయినట్టు రోజూ పోవాలి.

సైకిలుని రాజోలులో జగ్గారావు రిపేరు కొట్లో పడేశాడు. డెబ్బై దాటిన జగ్గారావుకి గేర్ల సైకిళ్లంటే చిన్నచూపు. ఫ్రేము మీద గోటితో కొట్టి చూసి, “ఈ ఇనుం ఇప్పుడు రాదండి. రంగు మాత్రం వేయించకండి,” అన్నాడు. ఉప్పుగాలికి చువ్వలన్నీ పోయాయి. చెయిను మూడు రోజులు కిరసనాయిల్లో నానింది. కడ్డీ బ్రేకులకి రబ్బరు ముక్కలు దొరక్క బాబాయి సఖినేటిపల్లిలో పంటెక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్లి, పాత సామాన్ల కొట్లన్నీ గాలించి తెచ్చాడు. వెనక చక్రం వంకర ఒక పట్టాన పోలేదు. జగ్గారావు ఒక్కో చువ్వా బిగిస్తూ, వదులు చేస్తూ రెండు పూటలు కూర్చున్నాడు. చివరికి చక్రం తిప్పి వదిలితే, ఇద్దరూ టీ తాగొచ్చేదాకా తిరుగుతూనే ఉందని బాబాయి కోతలు కోశాడు.

సోమవారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకుని బయల్దేరాడు. కళ్లారా చూద్దామని నేను వెనకాలే బండి మీద వెళ్లాను. పెద్దవీధిలోకి తిరిగాడు. బెల్లు కూడా కొట్టాడు. అరుగు దగ్గరికి వచ్చాడు, దిగిపోయాడు.

ఆపినవాళ్లెవరూ లేరు. అరుగు మీద మునసబు మనవడు దొరబాబు ఫోను చూసుకుంటున్నాడు. ముప్పయ్యేళ్లవాడు, మంచివాడే, పాత సంగతులేవీ తెలియవు. లేచి ఎదురొచ్చాడు.

“ఏవండీ ప్రకాశరావు గారూ, గాలి పోయిందాండీ?”

“ఆయ్, పోయిందండి,” అన్నాడు బాబాయి.

దొరబాబు లోపలికెళ్లి పంపు తెచ్చాడు. తానే వంగి వెనక టైరు నొక్కాడు, ముందుదీ నొక్కాడు. రెండూ గట్టిగానే ఉన్నాయని అయోమయంగా నా వైపు చూశాడు. బాబాయి తలొంచుకుని వీధి చివరిదాకా నడిపించుకుపోయాడు. నేనూ బండి దిగి తోసుకుంటూ పక్కనే నడిచాను.

సైకిలు రోజూ తొక్కుతూనే ఉన్నాడు, కాలవగట్టు మీదుగా, మైలు చుట్టు తిరిగి. రిటైరయ్యాక వ్యాయామం మొదలెట్టాడని ఊరు మెచ్చుకుంటోంది. నేను మాత్రం వారం ఆగి, ఇంకోసారి పెద్దవీధికి పోదాం, ఈసారి వెనక నేను కూర్చుంటాను, ఎలా దిగుతావో చూస్తానని గట్టిగానే అన్నాను. బాబాయి పెడలు తుడుస్తున్నాడు.

“ఎవడన్నా దిగమని ఉంటే దిగేవాణ్ణి కాదురా సుధీరూ,” అన్నాడు.