క్లారీ పాస్కో భుజం

కుర్రాబిన్ రైఫిల్ క్లబ్బు జట్టులో క్లారీ పాస్కోది ఇరవై రెండేళ్ళ స్థానం. గొర్రెల ఉన్ని కత్తిరించి కత్తిరించి కండలు తిరిగిన మనిషి, దానికి తగ్గట్టే మందు దట్టించిన పెద్ద మాగ్నమ్ తూటా. "తొమ్మిది వందల గజాలంటే మాటలా? మీ సన్న తూటాలు సగం దారిలో టీ తాగడానికి ఆగిపోతాయి" అని మమ్మల్ని ఏడిపించేవాడు.

ఈ ఏడు మాత్రం అతని గుండ్లన్నీ గురి కింద మట్టిలోనే దిగబడుతున్నాయి. పక్క ఊరితో షీల్డు పోటీ వచ్చే శనివారమే. జట్టులో నలుగురికే చోటు. మా కెప్టెన్ నోలీన్ తెగేసి చెప్పింది.

"ఇవాళ పది గుండ్లకి, యాభైకి నలభై అయిదు రావాలి క్లారీ. లేకపోతే శనివారం నువ్వు టీ కాస్తావ్."

"గాలి అలా తిరుగుతుంటే నేనేం చేసేదమ్మా?"

"జెండాలు ఆరేసిన గుడ్డల్లా వేలాడుతుంటే గాలేంటయ్యా!"

టీ మాట వస్తే మాకందరికీ మంటే. వేడి తగ్గకుండా టీ కూజాకి తొడిగే ఉన్ని టోపీ మూడు వారాలుగా మాయమై, చల్లారిన టీయే తాగుతున్నాం.

మా దగ్గర రైఫిల్లో ఒక్కో తూటానే పెట్టుకోవాలి. ఆ రోజు పక్కన కూర్చుని తూటాలు అందించింది నోలీనే. మూడోది మందు లేని ఉత్త తూటా. స్కోరు రాసే నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

బోర్లా పడుకున్న క్లారీ మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. మనిషి మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, భుజం ముందుకు విసిరి, గొట్టాన్ని నేలకేసి పొడిచాడు. పేలనే లేదు, పేలిన తుపాకీ వెనక్కి తన్నే తన్ను తగిలినంత పని చేశాడు! అందరం చూశాం.

నోలీన్ ఓదార్పుగా భుజం తట్టి ఆగింది. "ఇదేంటి, ఇంత మెత్తగా ఉంది?" కోటు లోపల చెయ్యి పెట్టి లాగితే, మా కూజా టోపీ!

"ఓరి నీ దుంప తెగ! ఇక్కడ దాచావా?" అన్నాను.

క్లారీ చెవులు ఎర్రబడ్డాయి. "ఈ తుపాకీ గుర్రంలా తన్నుతోందిరా. చొక్కా వేసుకోడానికి చెయ్యి లేవట్లేదు."

నోలీన్ నవ్వలేదు. తన రెండో రైఫిల్ తెచ్చి అతని ముందు పెట్టింది. దాని తూటా ఆరున్నర మిల్లీమీటర్లది. "సన్నంగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి గాలిని చీల్చుకుపోతుంది. తన్ను సగమే. మళ్ళీ మొదటి నుంచి కొట్టు."

"జనం ఏమనుకుంటారు?"

"ఇప్పుడనుకునే దానికంటే మంచిగానే అనుకుంటారులే."

మొదటి గుండు పేల్చి, క్లారీ తల తిప్పాడు. "పేలిందంటావా?"

పది గుండ్లకి నలభై ఏడు.

షీల్డు రోజున నాలుగో చోట పడుకుని కాల్చింది క్లారీయే. ఇప్పుడు కొత్తవాళ్ళకి తనే పాఠం చెబుతున్నాడు: "పెద్ద తూటా ఎందుకురా, భుజం పాడుచేసుకోడానికా?" టోపీ కూజా మీదికి చేరింది. టీ పొగలు కక్కుతోంది. కాస్త తుపాకీ నూనె వాసన వస్తుంది గానీ, ఆ మాట ఎవరూ ఎత్తరు, నేను తప్ప.