తలుపు తీసి ఉంచిన ఓడ

వాన మొదలయ్యే ముందు మా సారపాకలో గాలి బరువెక్కుతుంది. కాగితం మిల్లు వాసన పైకి పోలేక వీధుల్లోకి దిగి, కిటికీలు మూసినా సరే ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మాకు మాత్రం అది వాన కబురు. మొన్న అలాంటి సాయంత్రమే కుట్టు మిషన్‌కు నూనె వేస్తున్నాను. ఆ రెండు వాసనలూ కలిసేసరికి నా చెయ్యి ఆగిపోయింది. "ఏంది బిడ్డా, మిషన్‌కు నూనె ఏస్తున్నవా, తలంటుతున్నవా?" అని వెనకనుంచి ఎవరో అన్నట్టే అనిపించి, తిరిగి కూడా చూశాను. ఎవరూ లేరు. ఆ మాట అనగలిగిన మనిషి ఒక్కతే, మా దీనమ్మ పెద్దమ్మ. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

చుట్టరికం ఏమీ లేదు, పక్కింటావిడ. మిల్లులో కాంట్రాక్టు పని చేసే భర్త పోయాక మిషన్ పెట్టుకుని బతికింది. డిగ్రీ చదువుతూ సెలవుల్లో ఆమె దగ్గర కుట్టు నేర్చుకోవడానికి చేరాను. కుట్టు సరే, దానితోపాటు కథలు అంటుకున్నాయి. మా వైపు ఎవరింట్లో ప్రార్థన కూటం పెట్టినా, పాస్టరుగారు వస్తున్నారా అని అడిగేవాళ్ళకన్నా దీనమ్మ వస్తున్నదా అని అడిగేవాళ్ళే ఎక్కువ. బైబిల్లోని కథలను ఆమె నోటితోనే చెప్పేది, చేతిలో పుస్తకం ఉండేది కాదు. కొంగు నడుముకు దోపుకుని నిలబడిందంటే ఒంటె నడిచేది, రాజు అలిగేవాడు, ముసలి తండ్రి గుమ్మంలో నిలబడి కొడుకు కోసం దారి చూసేవాడు. అడవి వైపు గూడేల్లో తెలుగు అంతగా రాని ముసలివాళ్ళు కూడా ఆమె చేతులు చూసి నవ్వేవాళ్ళు, ఆమె మొహం చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

చదువు రాక అలా చెప్పేదనుకుంటారేమో. రోజూ తెల్లవారి చదివేది. చదివి, పుస్తకాన్ని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేసి వచ్చేది. "పుస్తకం పట్టుకొని చెప్తే ఏం పోతది పెద్దమ్మా? మర్చిపోతనన్న భయమన్నా ఉండదు గదా" అని ఒకసారి అడిగాను. దారం పంటితో కొరికి, "పుస్తకం దిక్కు చూస్తే వినేటోళ్ళ మొఖాలు ఎవరు చూస్తరే, మీ తాత?" అన్నది. మా తాత అప్పటికే చనిపోయాడు. ఆమెకు అలాంటి పట్టింపులు లేవు.

కథ నేర్పడంలో మాత్రం మహా కోపిష్టి. మిషన్ తొక్కుతూ నాచేత చెప్పించేది. విధవరాలు రూతు పరాయి పొలంలో పరిగె ఏరుకునే కథ చెబుతూ, కాస్త అందంగా ఉంటుందని, ఆమె పచ్చ రవికె తొడుక్కుందని అన్నాను. మిషన్ ఠక్కున ఆగింది. "ఎవరు కుట్టిన్రే ఆ రవికె? నువ్వు కుట్టి పంపినవా?" అన్నది. లేని మాట కలపకూడదు, ఉన్న మాట తియ్యకూడదు. అది ఒక కట్టుబాటు. రెండోది, మొదలుపెట్టిన కథను మధ్యలో ఆపకూడదు. "నడిమిట్ల వదిలిపెడితే, పడవెక్కిచ్చిన మనుషుల్ని ఏట్ల దింపిపోయినట్టే" అనేది. ఇల్లు అంటుకున్నా సరే, చివర చేతులు జోడించి "ఇంతే కథ" అన్నాకే కదిలేది. కుట్టులో ఇంత కచ్చితం లేదు. రవికె గుడ్డను సరిగ్గా కొలతకు కత్తిరించానంటే తిట్టేది. "మనిషి ఎప్పటికీ ఒక్కతీరుగ ఉంటదా? రేపు ఒళ్ళొస్తది. లోపల మడత గుడ్డ వదులు, ఇప్పుకుంటరు" అనేది. కథలో కూడా అలా వదలొచ్చా అని ఎకసెక్కంగా అడిగితే, మొట్టికాయ వేసింది.

ఆ ఏడాది గోదావరి మూడో హెచ్చరిక దాటింది. బూర్గంపాడు వైపు ఏటి ఒడ్డు ఊళ్ళు ఖాళీ చేయించి, జనాన్ని ట్రాక్టర్లలో తెచ్చి ఎత్తు మీది బడిలో దించారు. దుప్పట్లు, అన్నం పొట్లాలు పంచడానికి మా వీధి ఆడవాళ్ళం పోయాం. ఒక గదిలో పిల్లలు గోలగా ఏడుస్తున్నారు. కిటికీ పక్కన సమ్మక్క అనే ఆమె, కొత్తగా పెళ్ళయిన పిల్ల, అన్నం పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్త ముత్తయ్య ట్రాక్టరు ఎక్కలేదట. బర్రెలను విప్పి వస్తాను, నువ్వు పో అన్నాడట. ఆ తరవాత ఆ ఊరికి దారి మునిగింది. ఫోను మోగడం లేదు. ఎవరు గదిలోకి వచ్చినా ఆమె తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకుంటోంది.

పిల్లలు పెద్దమ్మను గుర్తుపట్టారు. చుట్టుముట్టి, "ఓడ కథ! ఓడ కథ!" అని పట్టుబట్టారు. వాన పడితే చాలు ఆ కథే అడుగుతారు, అందులో జంతువుల కూతలుంటాయి కాబట్టి. ఆమెకూ అలవాటే. కొంగు దోపుకుని మొదలుపెట్టేసింది. జలప్రళయం వస్తుందని దేవుడు చెబితే నోవహు చెట్టు కొట్టాడు, చెక్క కోశాడు, ఊరంతా నవ్వింది. పిల్లల ఏడుపు ఆగింది. గుమ్మం దగ్గర దుప్పట్లు మడుస్తూ నేనూ నవ్వుతున్నాను. ఆకాశం నల్లబడింది. జంతువులు జంటలు జంటలుగా వచ్చాయి. ఇక తరవాత మాట, తలుపు మూతపడటం. తలుపు మూతపడ్డాక బయట ఉన్నవాళ్ళెవరూ మిగలరు. చెయ్యి చాచి తలుపు లాగబోతూ పెద్దమ్మ సమ్మక్క మొహం చూసింది.

అయ్యో దేవుడా, ఈ గదిలో ఈ కథా, అని అప్పుడు తట్టింది నాకు. ఆమె చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. సమ్మక్క సన్నగా అడిగింది, "తలుపు మూస్తే బయటున్నోళ్ళ సంగతేందమ్మా?" గదిలో పెద్దవాళ్ళంతా తలలు దించుకున్నారు. కలపకూడదు, తియ్యకూడదు, ఆపకూడదు. ఇంక ఈమె ఏం చేస్తుందిరా భగవంతుడా అనుకున్నాను.

పెద్దమ్మ చెయ్యి దించింది. గొంతు సవరించుకుని, "తలుపు ఇంకా మూయలేదు బిడ్డా. ఎక్కేటియి శానా ఉన్నయి" అన్నది. పిల్లల వైపు తిరిగి, "ఏం రా, పులి ఎక్కింది. మరి ఎలుగుబంటి ఎక్కిందా?" అని అడిగింది. లేదు, లేదు అని అరిచారు. ఎలుగుబంటి జంట ఎక్కింది. దుప్పి ఎక్కింది. ఉడుము, ముంగిస, అలుగు, కుందేలు ఎక్కాయి. ఏ పిల్లవాడు ఏ జంతువు పేరు చెబితే వాడే దానిలా నడిచి గది దాటాలి. గూడెం నుంచి వచ్చిన ఒక కోయ అవ్వ తన భాషలో ఏదో పిట్ట పేరు చెప్పి, దాని కూత కూసి చూపింది. పొద్దు వాలింది. ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి. తొండలు ఎక్కాయి, చీమలు వరస కట్టాయి, బర్రెల ఒంటి మీది గోమార్లను కూడా ఆమె వదల్లేదు.

మా సంఘపెద్ద ప్రకాశంగారు ఆమెను వరండాలోకి పిలిచారు. మంచి మనిషే, కాని లేఖనం విషయంలో గట్టివాడు. "దీనమ్మా, ఆ తలుపు దేవుడు మూసిండు. నువ్వు తెరిచి పెట్టుడేంది?" అన్నారు.

"మూసిండయ్యా. నేను కాదన్ననా? నా నోరింక అక్కడిదాక పోలే, గంతే."

"రేపటికన్నా పోతదా?"

"ఆ పిల్ల మొగడు వచ్చేదాక పోదు" అని, ఆయన ఏదో అనేలోపే లోపలికి వెళ్ళిపోయింది. నేను వెంటపడి, "మరి రాకపోతే?" అని గొణిగాను. ఆమె నా వైపు చూసింది. ఆ కళ్ళలో భయం నేను అప్పుడే మొదటిసారి చూశాను. "రాకపోతే ఈ కథ నేనింక జన్మల చెప్ప. నువ్వు జల్దీ పోయి నీళ్ళు పట్టుకరా" అన్నది.

మర్నాడు పొద్దున్నే మేం వెళ్ళేసరికి పిల్లలు గుమ్మంలోనే ఎదురొచ్చి, "తలుపు మూసినవా అవ్వా?" అని అడిగారు. లేదన్నది. మళ్ళీ మొదలు. అడవిలోవి అయిపోయి ఇంటివి వచ్చాయి. కోళ్ళు, కుక్కలు, పిల్లులు ఎక్కాయి. అప్పుడు కిటికీ పక్కనుంచి, "మా బర్రెలు ఎక్కినయా?" అని వినిపించింది. అడిగింది సమ్మక్కే. పెద్దమ్మ చటుక్కున, "ఎక్కలేదే! ఎట్లుంటయి అవి?" అన్నది. ఒకదానికి కొమ్ము వంకర, ఇంకోదానికి నొసట తెల్లమచ్చ అని ఆ పిల్ల చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూనే పొట్లం విప్పి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. పెద్దమ్మ వంకర కొమ్ము బర్రెలా తల ఊపుతూ ఓడెక్కుతుంటే, ఆ పిల్ల పెదవి మీద నవ్వులాంటిదేదో కదిలింది.

మధ్యాహ్నం దాటాక బయట కేకలు వినిపించాయి. రెస్క్యూ బోటు మనుషులను దించిందట. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి మొదట ఎవరూ గుర్తుపట్టలేదు, నిలువెల్లా ఒండ్రు మట్టి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కప్పు మీద రాత్రంతా కూర్చున్నాడట. సమ్మక్క లేచి వెళ్ళి అతని చెంప మీద ఒక్కటి పీకింది. వెంటనే అతన్ని పట్టుకుని బోరుమంది. "బర్రెలు ఒడ్డెక్కినయే, ఒడ్డెక్కినయి" అంటాడే గాని, పాపం అతనికి ఇంకేం మాట రాలేదు. గదిలో అందరికీ పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రకాశంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పెద్దమ్మ మాత్రం గోడకు ఆనుకుని చతికిలబడింది. "ఎక్కిండు" అని తనలో తనే అనుకుంది. తరవాత లేచి, చెయ్యి చాచి, అందరూ చూస్తుండగా తలుపు మూసింది. వాన కురిసింది, ఓడ తేలింది, పావురం ఆకు తెచ్చింది. ఇంతే కథ.

ఇంటికి నడిచి వస్తుంటే, "కట్టుబాటు తప్పినవు పెద్దమ్మా" అని ఏడిపించాను. "ఏం తప్పిన? మాట కలిపిననా, తీసిననా? లోపల మడత గుడ్డ ఉండె, ఇప్పుకున్న" అన్నది. ఆ మొట్టికాయ సంగతి గుర్తుచేస్తే మళ్ళీ ఒకటి వేసింది. చివరిదాకా ఆ కథ అలాగే చెప్పింది. తలుపు దగ్గరికి రాగానే ఆగి, జనం మొహాలన్నీ కలయజూసి, "ఎవరన్నా బయటున్నరా?" అని అడిగేది. ప్రతి క్రిస్మస్‌కూ ముత్తయ్య వెనక వరసలోంచి చెయ్యెత్తేవాడు. వాళ్ళది మా మతం కాదు. అయినా ఆ ఒక్క కథకు మాత్రం తప్పకుండా వచ్చేవాడు.

పెద్దమ్మ నిద్రలోనే, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది. ఆ క్రిస్మస్‌కు ఓడ కథ నన్ను చెప్పమన్నారు. పుస్తకం ఇంట్లోనే వదిలి వచ్చాను. ఎదురుగా కుర్చీల్లో కొత్త మొహాలు, సగంమంది ఆమెను చూడనివాళ్ళే. తలుపు దగ్గరికి వచ్చి ఆగాను. ఎవరన్నా బయట ఉన్నారా అని అడిగాను. ఎవరూ పలకలేదు. ఆమెతోపాటే అదీ పోయిందనుకుని, చెయ్యి చాచాను. గేటు దగ్గరనుంచి ఒక గొంతు రొప్పుతూ వచ్చింది. "ఆగు చెల్లె, ఆగు! ఆటో ఆలస్యమైంది. నేనింక ఎక్కలే!" వెనకే సమ్మక్క అతని వీపు మీద చరుస్తూ, "ఎక్కు, జల్దీ ఎక్కు" అంటోంది. జనమంతా నవ్వారు. నాకు కళ్ళు మసకబారాయి. వాళ్ళిద్దరూ వచ్చి వెనక వరసలో సర్దుకుని కూర్చునేదాకా ఆగాను. తరవాత తలుపు మూశాను.