క్రోనోగ్రాఫ్‌కు పెట్టిన బొట్టు

మా నాయన మిలిటరీ పటాలంలో చేసి వచ్చినవాడు. హిందూపురంలో, పరిగి దారిలో, మూతపడ్డ పట్టు రీలింగ్ షెడ్డు బాడుగకు తీసుకుని ఎయిర్ రైఫిల్ నేర్పిస్తాడు. మా ఇంటికి రైఫిల్ ఒక్కటే. అన్నా నేనూ ఇద్దరం దాంతోనే కొట్టేవాళ్ళం. ధర్మవరంలో జరిగే షూటింగ్ సెలెక్షన్లకు ఒక్కరే పోవాలి. నా గురి బాగుందని, పోయేది నేనేనని నాయనే అన్నాడు.

ఆ తర్వాత నా గుండ్లు కిందికి పడటం మొదలైంది. నడిమికి గురి పెడితే గురి అట్ట అడుగున చిల్లు. "రైఫిల్‌లో గాలి కారుతాందేమో నాయనా" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వుకంటే చెంపదెబ్బ మేలు.

"తప్పు తుపాకీదో నీదో మిషనే చెప్తాది" అని బెంగళూరు నుంచి క్రోనోగ్రాఫ్ తెప్పించాడు. గుండు వేగం కొలిచే పెట్టె అది. ముందొకటి, వెనకొకటి రెండు గాజు కళ్ళు పైకి చూస్తుంటాయి. గుండు ముందు కంటి మీది నుంచి వెనక కంటి మీదికి పోయేందుకు పట్టిన కాలాన్ని బట్టి వేగం చూపిస్తుంది. స్టాండు బిగించి, తుపాకీ గొట్టం ఎత్తుకు సరిచేసి, పైన లైటు పెట్టి అంతా నేనే అమర్చాను. అన్న కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

కొత్త వస్తువును పూజ చేయకుండా మా నాయన ముట్టనివ్వడు. విభూతి పూసి, కుంకుమ తడిపి, దాని మొహం అదే అనుకున్నాడో ఏమో, సరిగ్గా ముందు కంటి మీద బొట్టు పెట్టాడు.

"కంటికి అడ్డం పడిండాది నాయనా, తుడుస్తా."

"దేవుని బొట్టు తుడుస్తావా? కొవ్వెక్కిండాదా?"

సగం మూసుకున్న కన్ను గుండును ఆలస్యంగా చూస్తుంది. కాలం తక్కువ లెక్కకొచ్చి, లేని వేగం ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ముక్క చెప్పబోతే నోరు మూయమన్నాడు. నేను కాల్చాను. తెర మీద పెద్ద అంకె చూసి, నాయన నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరినీ పిలిచాడు.

"చూడండప్పా, తుపాకీ గుర్రం మాదిరి ఉండాది. ఈమెకే చెయ్యి నిలవదు. సాకులు మాత్రం బలే చెప్తాది."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అన్న నవ్వాడు. ధర్మవరానికి వాడి పేరు రాశారు. నాకు ఏడుపు రాలేదు. ఆ షెడ్డు కూలి వాళ్ళ నెత్తిన పడితే బాగుండు అనుకున్నాను. ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను.

మర్నాడు అన్న రైఫిల్ పట్టాడు. వాడి గుండ్లూ అట్ట అడుగునే పడ్డాయి. నాయన కూర్చున్నచోటి నుంచే అట్ట చూశాడు.

"వీని చెయ్యి అట్లా పోదే. రైఫిల్‌లోనే ఏందో ఉండాది."

లేచి వచ్చి, తుండుగుడ్డతో ఆ బొట్టు తనే తుడిచాడు. అన్నను మళ్ళీ కాల్చమన్నాడు. అంకె దబ్బున పడిపోయింది. ఆ సాయంత్రమే రైఫిల్ బెంగళూరుకు పోయింది. గాలి పట్టి ఉంచే లోపలి సీలు అరిగిపోయిందట.

బాగై తిరిగొచ్చాక నాయన నన్నే పిలిచాడు. "మిషను పెట్టమ్మా. నీ మాదిరి ఎవురూ పెట్టలేరు." నా ప్రాణం లేచొచ్చింది. పెట్టాను, కాల్చాను. వేగం నిలకడగా ఉంది. గుండ్లన్నీ నడిమిలోనే పడ్డాయి.

"అయితే నేనే పోతానా నాయనా?"

"పేరు రాసేసినాం గదా. ఇప్పుడు వద్దంటే వాడు నొచ్చుకుంటాడు."

అన్న పెనుకొండ మీదుగా ధర్మవరం బస్సెక్కాడు. రైఫిల్ పెట్టె బరువు మోస్తే వాడి చెయ్యి వణుకుతుందని, బస్టాండు దాకా దాన్ని నన్ను మోయమన్నాడు నాయన. మోశాను.