తుప్పుమాత్ర

పెదనాన్నకు ఈ లోకంలో శత్రువు ఒక్కటే: తుప్పు. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఆయనది. మిషను ఆగితే తుప్పు, మెకానిక్కు తుమ్మితే తుప్పు, ఎదురింటి మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటే అదీ తుప్పే. "మాటలకు నూనె తగ్గిందిరా!" అని తేల్చేసేవాడు.

సూదులూ బాబిన్లూ అమ్మడానికి తమ్ముడి కూతురు ఆ కొట్టులో చేరింది. ఆ అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయి. పాత ఉద్యోగంలో మాత్ర వేసుకుంటుంటే పక్కవాళ్లు గుడ్లప్పగించి చూసేవారు. సిగ్గుపడి మాత్ర మానేసింది. ఒకరోజు అందరి మధ్యా పడిపోయి, ఆ ఉద్యోగానికో దణ్ణం పెట్టి వచ్చేసింది.

పెదనాన్నే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఫిట్స్ మాత్ర మామూలుగా వేసుకోవాల్సిందే. తోడుగా ఈ విటమిన్ ఇచ్చి చూద్దాం," అన్నాడు డాక్టరు. "ఇనుముకు తుప్పు పట్టినట్టు ఒంట్లోనూ ఒకలాంటి అరుగుదల ఉంటుంది. దాన్ని కాస్త తగ్గిస్తుందేమోనని..."

పెదనాన్న కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "నేనిన్నేళ్లుగా మొత్తుకుంటున్నది అదే కదండీ డాక్టరుగారూ!"

మర్నాటి నుంచి కొట్టులో రోజూ పొద్దున్నే సైకిలు బెల్లు మోగడం మొదలైంది. మోగిందంటే స్క్రూడ్రైవర్లు కింద పెట్టేసి, పెదనాన్న రేకు డబ్బాలోంచి తలా ఒకటి పంచే తుప్పుమాత్రను అందరూ మింగాల్సిందే. మిషను కోసం వచ్చిన దర్జీనీ వదల్లేదు.

"నాకెందుకండీ? నాకే రోగమూ లేదు!"

"బాగున్న మిషనుకు నూనె వెయ్యవా? నోరు తెరువయ్యా!"

ఆ సందడిలో అమ్మాయి తన సంచిలోంచి మాత్రలు తీసి వేసుకునేది. ఆమెను చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

కొన్నాళ్లకు ఫిట్స్ జాడ లేదు. అమ్మాయికి ధైర్యం వచ్చింది, కాస్త ఎక్కువే వచ్చింది.

"పెదనాన్నా, తుప్పు వదిలిపోయిందిగా. ఇక విటమిన్ ఒక్కటీ చాలు. ఆ ఫిట్స్ మాత్ర మానేస్తా."

పెదనాన్న ఆమెను మిషన్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక మిషను ముందు కూర్చుని నూనె పోశాడు, తుడిచాడు, సూదిలోంచి దారం లాగేశాడు. "కుట్టమ్మా," అన్నాడు.

చక్రం వెన్నలా తిరిగింది. గుడ్డ నిండా చిల్లులు పడ్డాయి గానీ కుట్టు మాత్రం పడలేదు.

"విటమిను నూనె, ఆ మాత్ర దారం. డాక్టరు తియ్యమంటేనే తియ్యాలి తల్లీ." అమ్మాయి ఫిట్స్ మాత్ర మింగేసింది.

మరోరోజు, పెదనాన్న ఇంకా రాకముందు, బల్ల తుడుస్తుంటే రేకు డబ్బా కిందపడింది. తుప్పుమాత్రలన్నీ నేల మీద దొర్లాయి. ఏరుతున్న అమ్మాయి ఒకటి వాసన చూసింది. పిప్పరమెంటు!

"నువ్వు ఒక్కదానివే మాత్ర వేసుకుంటే అందరి కళ్లూ నీ మీదే ఉంటాయని మీ పెదనాన్న ఏర్పాటు," అన్నాడు మెకానిక్కు తల గోక్కుంటూ. "పైగా చప్పరించకూడదట, మింగాలట! పిప్పరమెంటు మింగడం ఎంత కష్టమో నీకేం తెలుసమ్మా? తెలిసిందని మాత్రం ఆయనతో అనకు."

కాసేపటికి పెదనాన్న వచ్చి బెల్లు మోగించాడు.

"పెదనాన్నా, మీ మాత్ర ఎలా ఉంటుంది?"

"అబ్బో, కటిక చేదమ్మా!" అని ముఖం వికారంగా పెట్టి మింగబోయాడు. అది కాస్తా గొంతుకు అడ్డం పడింది.

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ఆయనకు నీళ్లందించింది. తర్వాత తన మాత్రలు రెండూ తీసి, అందరికీ కనబడేలా నోట్లో వేసుకుని, ఆయనకంటే వికారంగా ముఖం పెట్టింది.